ఆరో ప్లేటు చివర

వన్‌టౌన్ మెయిన్ రోడ్డులో బట్టల కొట్లు దాటాక ఎడమచేతి వైపు సందులో, ఎనభై రెండు నుంచి ఎనభై ఐదు దాకా నాకొక క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. తాయారు రికార్డింగ్ సెంటర్. తాయారంటే మా ఆవిడ. పేరు పెట్టినందుకు సంతోషించి ఉంటుందనుకుంటారేమో, తన పేరు పట్టుకెళ్ళి రోడ్డు మీద వేలాడదీశానని నెల్లాళ్ళు ఆ సందు ఛాయలకి రాలేదు. షాపంటే ఎంతో ఊహించుకోకండి. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. ఒక ప్లేయరు, ఒక జపాన్ క్యాసెట్ డెక్కు, గోడ నిండా ప్లేట్లు. మేము గ్రామఫోన్ రికార్డుల్ని ప్లేట్లే అనేవాళ్ళం.

జనం పాటల పేర్లు చీటీ రాసి తెచ్చేవారు. నేను ఆ ప్లేట్లు వెతికి, పాటలు ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇవ్వాలి. వినడానికి తేలిక పనే. కానీ అరగంట పాటలు ఎక్కించాలంటే అరగంటా కూర్చుని వినాల్సిందే, దానికి అడ్డదారి లేదు. రోజుకి ఏడెనిమిది క్యాసెట్లు. మూడేళ్ళు అలా విన్నాక పాట మీద ఇష్టం పోదు గానీ, మనిషికి ఒక రకం అలుపు పట్టుకుంటుంది. పడుకుంటే తీరే అలుపు కాదది. ఎముకల్లో చేరి కూర్చుంటుంది.

నా చదువు పదో తరగతి దాకానే. అదీ రెండుసార్లు రాశాను. కానీ రికార్డింగులో నా చెయ్యి మంచిదని యూనివర్సిటీ కుర్రాళ్ళ దగ్గర్నుంచి హార్బరు వాళ్ళ దాకా అందరూ అనేవారు. ఊరికే అనలేదు. శ్రద్ధగా చెయ్యాల్సిన క్యాసెట్‌ని నేను సాయంత్రం ముట్టేవాణ్ణి కాదు. ఊళ్ళో దీపాలు వెలిగేసరికి కరెంటు నీరసపడుతుంది, ప్లేటు మెల్లగా తిరుగుతుంది, పాడేవాడికి జ్వరం వచ్చినట్టుంటుంది. అందుకని మధ్యాహ్నం రెండింటికి, సందంతా భోజనాలు చేసి కునుకు తీస్తున్నప్పుడు, షట్టర్ కిందికంటా దించేసేవాణ్ణి. ఫ్యాను ఆపేసేవాణ్ణి. ట్యూబ్‌లైటు గుయ్యిమంటుంది, అదీ ఆపేసేవాణ్ణి. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. డెక్కు మీద, చప్పుడుని బట్టి లేచి పడే ముళ్ళు రెండు ఉన్న చోట చిన్న ఆకుపచ్చ బల్బు, అంతే. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ చీకట్లో కూర్చునేవాణ్ణి. స్పిరిట్టు వాసన, రబ్బరు వాసన, హార్బరు వైపు నుంచి ఎండుచేపల వాసన.

ఇంకో రెండు పట్టింపులుండేవి నాకు. పాట అయిపోయింది కదాని ప్లేటు మీంచి ముల్లు ఎత్తేస్తే టప్‌మని చప్పుడు క్యాసెట్లో పడుతుంది, అందుకని గీత చివరిదాకా ముల్లుని పోనిచ్చేవాణ్ణి. రెండోది, క్యాసెట్ చివర టేపు ఖాళీగా మిగిలితే జనం మోసపోయామనుకుంటారు. మిగిలిన కాసేపూ మైకు గుచ్చి, "ఈ క్యాసెట్ తాయారు రికార్డింగ్ సెంటర్, మెయిన్ రోడ్డు, విశాఖపట్నంలో రికార్డు చేయబడినది" అని నేనే చెప్పేవాణ్ణి. గొంతు కొంచెం బరువుగా పెట్టి. ఆ ముక్క కోసమే నా దగ్గరికొచ్చేవాళ్ళున్నారంటే నమ్మండి.

ఇప్పుడు నైట్ హాల్ట్స్ సంగతి చెప్పాలి.

డెబ్భై రెండులో జ్ఞానాపురం వైపు కరీం బాషా గారి లారీ షెడ్డులో ముగ్గురు కుర్రాళ్ళు ఒక బ్యాండు పెట్టారు. కరీం బాషా గారి కొడుకు నజీర్ అహ్మద్ ఒక గిటారు. వాళ్ళ దగ్గర టైర్ల పని చేసే ఇద్రీస్ ఇంకో గిటారు, పాడేది కూడా అతనే. డ్రమ్ములు త్రినాథరావు. నాకు చుట్టరికంలో బావ వరస. డ్రమ్ములంటే నూనె పీపాకి తోలు బిగించినవి, లారీ చక్రాల హబ్‌క్యాపులు వేలాడగట్టినవి. షెడ్డు గోడ మీద "ఇచ్చట లారీలు నైట్ హాల్ట్ చేయబడును" అని రాసి ఉండేది, బ్యాండుకి పేరు అక్కణ్ణుంచి వచ్చింది.

ఓడ మీంచి దిగిన ఒక పాత స్పూల్ టేపు మిషను నజీర్ సంపాదించాడు. షెడ్డులోనే పాడి, షెడ్డులోనే రికార్డు చేసి, కలకత్తా పంపించి చిన్న ప్లేట్లు గుద్దించారు. ప్లేటుకి రెండు పాటలు, ఇటొకటి అటొకటి. మూడేళ్ళలో ఆరు ప్లేట్లు. ఒక్కోటి వంద కాపీలకి మించలేదు.

ఆ పాటల్లో ఏముందని అడిగితే నేను చెప్పలేను, వినిపించగలను అంతే. సినిమా పాట ఉందనుకోండి, పెళ్ళికూతురు. తలంటి, పూలు పెట్టి, పట్టుచీర కట్టి తీసుకొచ్చి కూర్చోబెడతారు. నైట్ హాల్ట్స్ పాట, లారీ కిందనుంచి అప్పుడే బయటికి దొర్లిన మనిషి. గ్రీజు చెయ్యి తుడుచుకోకుండానే మీ చెయ్యి పట్టుకుంటాడు. గిటారు తీగ సరిగ్గా బిగించలేదని తెలిసిపోతుంది. ఇద్రీస్ గొంతు పైకి వెళ్ళి చీలిపోతుంది, చీలితే చీలిందని ఇంకా పైకి వెళ్తాడు. వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యలో తెలుగు. "డీజిల్ డీజిల్" అని ఒక పాట, రెండు నిమిషాలు కూడా ఉండదు, విన్నాక మెట్లు దిగి పరిగెత్తాలనిపిస్తుంది. ఒకటి వింటే గోల. రెండో మూడో వరసగా వింటే మాత్రం ఆ షెడ్డులో ఒక మూల టైరు మీద కూర్చుని వాళ్ళతో పాటు ఉన్నట్టుంటుంది. అదీ దాని గుణం. అందుకే నా షాపుకొచ్చిన వాళ్ళలో వారానికి ఒకడైనా, ఆరూ ఒకే క్యాసెట్లో దొరుకుతాయా అని అడిగేవాడు. దొరకవు. ఆరూ ఉన్నవాడు ఊళ్ళో ఎవడూ లేడు.

ఆరో ప్లేటు తర్వాత బ్యాండు ఆగిపోయింది. ఆ రికార్డింగ్ అవగానే ఇద్రీస్ గిటారు గోడకి ఆనించి, బాగా అలుపుగా ఉందని టైరు మీద కూర్చున్నాడట. మళ్ళీ ఆ గిటారు ముట్టుకోలేదు. జబ్బేమీ లేదు, డాక్టర్లకి ఏమీ దొరకలేదు. ఏడాది తిరక్కుండా నిద్రలోనే పోయాడు. నజీర్ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు, ఉత్తరం లేదు. మిగిలింది త్రినాథరావు. పోర్టులో క్రేను మీద పనిచేసేవాడు.

ఎనభై నాలుగు ఆగస్టులో ఆయన మా షాపుకొచ్చి కౌంటరు మీద నాలుగు ప్లేట్లు పెట్టాడు. మనిషి చిక్కిపోయాడు. నేనేదో అడిగితే కుడిచెవి నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఎడం సెవి పోనాది బావా," అన్నాడు. "కుడిది దసరా దాటదంట. మా అయ్యకీ ఇదే వొయసులో పోనాయి."

వాళ్ళ నాన్న నాకు తెలుసు, చివరి ఇరవై ఏళ్ళు సైగలతో బతికాడు.

"ఆరు ప్లేట్లూ ఒకేపాలి ఇనాల. క్యాసెట్టు తిరగెయ్యకుండా, మొదట్నుంచి సివరిదాకా. ఆ తర్వాత సెవులు పోతే పోనీ."

అదీ ఆయన కోరిక. మనిషికి చివరిసారి వినడానికి దేవుడు నెలా రెండు నెలలు ఇస్తే, నైట్ హాల్ట్స్ పన్నెండు పాటలు అడిగాడు. నేను కాదనగలనా.

ఐదోది నా దగ్గరే ఉంది. ఆరోదాని కోసం ఇద్రీస్ చెల్లెలు నూరున్నీసా ఇంటికి వెళ్ళాను. పాతపోస్టాఫీసు వెనక అద్దకం పని చేసే ఇల్లు, గుమ్మం దాకా రంగునీళ్ళు. నూరున్నీసా నా కబుర్లు ఓపికగా విని, లోపలికి వెళ్ళి, పాత దుప్పటి మడతల్లోంచి ప్లేటు తీసుకొచ్చింది. మీద గీత పడలేదు, కొత్తదిలా ఉంది. ఎప్పుడూ వినలేదా అనడిగాను. లేదంది. ఇచ్చేముందు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక మాట చెప్పింది.

"ఇద్రీస్ భాయ్ ఏ ప్లేటైనా పాట అవగానే ముల్లు ఎత్తేసేవాడు, గురునాథ్ భాయ్. చివరికంటా పోనిచ్చేవాడు కాదు. ఏం చేస్తున్నావంటే, తలుపు వేస్తున్నాను అనేవాడు."

పాటగాళ్ళకి ఇలాంటి చాదస్తాలు ఉంటాయి. నేను నవ్వి, ప్లేటు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించాను. ఆ వేళ మబ్బుగా ఉంది, గాలి లేదు. ఫ్యాను ఆపేసరికి వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. లైటు ఆపాను. పన్నెండు పాటలూ కలిపి ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు, క్యాసెట్ ఒక వైపు సరిగ్గా సరిపోతాయి, ఒక నిమిషంన్నర మిగులుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి ప్లేటు మీద ముల్లు దించాను.

చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఇన్నాళ్ళ అలుపూ దిగిపోయినట్టే అనిపించింది. రెండో వైపు "డీజిల్ డీజిల్" అయిపోయి, గిటారు గుయ్యిమంటూ మెల్లగా అణిగింది. అణిగాక మూడు నాలుగు సెకన్లు షెడ్డులో గాలి వినపడుతుంది. నజీర్ లేచి మిషను ఆపేదాకా అలా తిరుగుతూనే ఉంటుందన్నమాట. దూరంగా కాకి అరిచింది. ఇంకా దూరంగా, రోడ్డు మీద, ఎవరో నడుస్తున్నారు.

టక్. సర్ర్.

ఒక కాలు ఆనించి రెండో కాలు ఈడుస్తున్నట్టు. ఎవరో కుంటివాడు పోతున్నాడనుకున్నాను. రోడ్డన్నాక ఎవరో ఒకరు పోతారు.

రెండో ప్లేటు రెండో వైపు చివర కూడా అదే నడక వినపడింది. ఈసారి కంకర మీద. షెడ్డు ముందు కంకర పరిచి ఉండేదని నాకు తెలుసు. రెండో ప్లేటు మొదటిదాని తర్వాత ఎనిమిది నెలలకి చేశారు. ఆ వీధిలో ఉండే మనిషే అయుంటాడు, అనుకున్నాను.

మూడోదాని చివర గేటు గొలుసు కదిలింది.

నాలుగోదాని చివర, లోపల. డీజిలు కారి కారి గట్టిపడిన మట్టి మీద నడిస్తే ఒక మెత్తని చప్పుడొస్తుంది. టక్. సర్ర్. దారిలో ఏదో రేకుడబ్బా కాలికి తగిలి దొర్లింది. వీళ్ళు ముగ్గురూ పక్కన నవ్వుకుంటున్నారు, ఎవరూ ఎవరదని అడగలేదు.

నా చేతిలో ఐదో ప్లేటు ఉంది. అది నా ప్లేటే, ఇరవైసార్లు విన్నాను. దాని చివర ఎవరో సిమెంటు గచ్చు మీద నడుస్తారు. నజీర్ మిషను ఆపడానికి వస్తున్నాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. విడిగా విన్నవాడెవడైనా అంతే అనుకుంటాడు. వరసగా పెడితేనే తెలుస్తుంది. మూడేళ్ళలో ఆ నడక రోడ్డు మీంచి షెడ్డు మధ్యకి వచ్చింది. ఒక ప్లేటుకి ఇంత, ఒక ప్లేటుకి ఇంత. ఎంత నెమ్మది. ఎంత ఓపిక.

ఆపేసి ఉండాల్సింది. ఆపితే మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి. ఆ పాటలకోసం ఒక మనిషి చెవులు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఐదోది ఎక్కించి, ఆరో ప్లేటు పెట్టాను.

పాటలు బాగున్నాయి. ఆరింటిలోకీ అదే గొప్పది, ఇప్పటికీ అదే అంటాను. రెండో వైపు పాట ఆఖర్న ఇద్రీస్ పాడడం లేదు, ఊపిరి పీలుస్తున్నాడు అంతే. గిటారు అణిగింది. నూరున్నీసా మాట గుర్తొచ్చింది. ముల్లు మీదికి చెయ్యి వెళ్ళింది కూడా. కానీ ఎత్తితే టప్‌మంటుంది... ఇంత చక్కటి క్యాసెట్ చివర టప్‌మంటే ఎలా... చెయ్యి వెనక్కి వచ్చేసింది. అలవాటు.

టక్.

సర్ర్.

దగ్గర... చాలా దగ్గర. మైకు వైరుకి ఏదో రాసుకుంది. బరబరమని నా రెండు చెవుల్లోనూ. తర్వాత ఆగింది. మైకు ముందు ఆగింది. గీత అయిపోయింది. ప్లేటు మీద ఇంక ఏమీ లేదు.

పాజ్ నొక్కాను. ముల్లు ఎత్తి పక్కన పెట్టాను. అంతా అయిపోయింది, ఇంక అనౌన్స్‌మెంటే, అనుకున్నాను. భయపడ్డ చెయ్యి కూడా అలవాటైన పని చేసుకుపోతుంది చూడండి. మైకు తీసి డెక్కులో గుచ్చాను. పాజ్ వదిలాను.

"ఈ క్యాసెట్ తాయారు రికార్డింగ్..."

అక్కడ ఆగిపోయాను.

మైకు గుచ్చాక హెడ్‌ఫోన్లలో నా షాపే వినపడాలి. వినపడుతోంది. నా ఊపిరి వినపడుతోంది. మెల్లగా, బరువుగా... లోపలికి... బయటికి. నాకంత మెల్లగా ఊపిరి ఆడడం లేదే అనుకున్నాను. గుండె పరిగెడుతోంది కదా నాకు.

ఊపిరి బిగబట్టాను.

చెవుల్లో ఊపిరి ఆగలేదు.

హెడ్‌ఫోన్లు లాగేశాను. ఏమీ లేదు. నిశ్శబ్దం. షట్టర్ అవతల ఎక్కడో సైకిలు బెల్లు. ఆ పన్నెండడుగుల గదిలో నేనొక్కణ్ణే. కానీ ఆకుపచ్చ బల్బు కింద ముళ్ళు రెండూ కదులుతున్నాయి. మెల్లగా లేస్తున్నాయి... మెల్లగా పడుతున్నాయి. నేను ఊపిరి తీయడం లేదు. అవి లేస్తున్నాయి.

వాసన వచ్చింది. మాడిన ఇంజన్ ఆయిలు, తడిసిన గోనెసంచి. నా షాపులో ఆ రెండూ లేవు.

ముళ్ళు ఒక్కసారి బాగా పైకి లేచి, చాలాసేపు అక్కడే ఉండి, దిగాయి. బరువు దించుకున్నవాడు నిట్టూరిస్తే ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత టేపు అయిపోయి డెక్కు దానంతటదే ఆగింది. ఆ చప్పుడుకి నేను కుర్చీలోంచి కింద పడ్డాను. షట్టర్ దాకా పన్నెండడుగులూ చేతుల మీదే పాక్కుంటూ వెళ్ళాను. లేచి నిలబడితే ఎవరికైనా తగులుతానేమోనని.

బయట ఎండ కాసింది. ఎదురు కొట్టు వాళ్ళు గల్లాపెట్టె తుడుచుకుంటున్నారు. నా చొక్కా నిండా దుమ్ము చూసి ఏమైందని అడిగారు. ఎలక అన్నాను.

ఆ చివరి నిమిషంన్నర చెరిపేద్దామనుకున్నాను. చెరపాలంటే మళ్ళీ రికార్డు మీట నొక్కాలి. రెండు రోజులు ఆ మీట దగ్గరికి వేలు పోలేదు. మూడోరోజు సాయంత్రం త్రినాథరావు వచ్చేశాడు. ఓడ సామాను అమ్మేవాళ్ళ దగ్గర చెవులకి పెట్టుకునే చిన్న టేపు కొన్నాడట, దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెలకి ఆనించి తెచ్చాడు. ఆ మొహం చూసి క్యాసెట్ ఇవ్వనని ఎలా అంటాను. షాపులో ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళ ముందు దెయ్యం కబుర్లు చెప్పడానికి సిగ్గేసింది. ఆయన చెవి దగ్గరికి వంగి గుసగుసగా చెప్పాను.

"పన్నెండో పాట అవగానే ఆపీ బావా. సివరిదాకా ఇనకు."

ఆయన నవ్వి తలూపాడు. చెవులు పోతున్నవాళ్ళ తలూపుడు నాకు తెలుసు, వాళ్ళ నాన్న దగ్గర చూశాను. ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాలి. చెప్పలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒంట్లో ఓపిక లేదు, ఆ క్యాసెట్ నా షాపులోంచి పోతే చాలనిపించింది. నా తప్పు అదే. పెద్దదేం కాదు. చెప్పిన మాట రెండోసారి చెప్పలేదు, అంతే.

తర్వాత పదిహేను రోజులకి పోర్టు నుంచి కబురు వచ్చింది. కిందవాళ్ళు వేసే ఈల వినపడక ఆయన్ని క్రేను మీంచి దింపేశారని, రైల్వే వంతెన పక్కన చిలకమ్మ టీ కొట్టు దగ్గర పొద్దస్తమానం కూర్చుంటున్నాడని. వెళ్ళాను. మధ్యాహ్నం మూడు దాటింది.

చిలకమ్మ కొట్టు దగ్గర ఒక బెంచీ ఉండేది. పొడుగాటి చెక్కని మధ్యలో ఒకే దుంగ మీద ఆనించారు. ఇటొకడు అటొకడు కూర్చుంటే నిలుస్తుంది. ఒకడు చెప్పకుండా లేచాడా, రెండోవాడు కిందపడతాడు. అందుకని అక్కడ లేచేవాడు ముందుగా "లేస్తన్నాను" అని చెప్పి లేవాలి. చెప్పకపోతే చిలకమ్మ తిట్టేది, గ్లాసులు పగిలేవి ఆవిడవి. త్రినాథరావు ఒక కొస దగ్గరున్నాడు. ఒక్కడే ఉన్నాడు గనక కాళ్ళు గట్టిగా నేలకి తన్నిపెట్టుకుని ఉన్నాడు. నేను రెండో కొసన కూర్చున్నాను. బెంచీ తూగి నిలిచింది.

చిలకమ్మ రెండు టీలు తెచ్చింది. నేను పాటల చీటీ ఒకటి తీసి వెనక పెన్సిలుతో రాశాను. విన్నావా?

"రెండ్రోజులు బాగా ఇన్నాను బావా," అన్నాడు. చెవుడు పూర్తిగా వస్తే గట్టిగా మాట్లాడతారంటారు, ఆయన గుసగుసలాడుతున్నాడు. "ఇద్రీసు పక్కన కూకుని పాడినట్టే. మూడోనాడు నజీరు గిటారు పోనాది. ఆ మర్నాడు నా డ్రమ్ములు. ఆఖర్న ఇద్రీసు. ఇప్పుడు ఏటీ లేదు. నెత్తిమీద రైలెల్లినా తెల్దు."

నేను ఇంకో చీటీ తీశాను.

"నడకొక్కటి మిగిలింది," అన్నాడు.

క్యాసెట్ ఎక్కడుందని రాశాను. సముద్రంలో ఇసిరీసినాను, అన్నాడు. అయినా ఆగలేదట. చూస్తూ ఉండగా ఆయన చేతులు బెంచీ మీద కదలడం మొదలుపెట్టాయి. కుడిచేతి వేళ్ళు ఒక దెబ్బ. ఎడంచేతి అరిచెయ్యి ఒక ఈడుపు. డ్రమ్ములు వాయించిన చేతులు కదా, తాళం తప్పదు. టక్. సర్ర్. నాకేమీ వినపడడం లేదు. ఆయన చేతుల్ని చూస్తే ఆ నడక ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతోంది. దెబ్బ దెబ్బకీ గట్టిపడుతోంది.

ఏం కావాలంట? అని రాశాను.

ఆయన ఆ కాగితం చదివి నాకు తిరిగి ఇచ్చాడు.

"అలిసిపోనాడు బావా. పన్నెండేళ్ళ నుంచి నడుస్తన్నాడు. మనోళ్ళు ఆడొచ్చినప్పుడల్లా ముల్లెత్తీసినారు. ఒక్కడూ కూకోమన్లేదు."

అలా అని, బెంచీ కొస మీంచి ఇటు, నా వైపుకి, ఒక జానెడు జరిగాడు. బస్సులో పక్కవాడికి చోటిచ్చేటప్పుడు జరుగుతామే, అలాగ. చేతులు ఇంకో రెండుసార్లు కదిలాయి.

ఆగిపోయాయి.

బెంచీ నా వైపు లేచింది. ఎక్కువ కాదు, బెత్తెడు. నా మడమలు నేల మీంచి లేచాయి. త్రినాథరావు భుజాలు కిందికి జారాయి, ఎవరో ఆ భుజాల మీంచి మూట దించినట్టు. కళ్ళు మూసుకుని తెరిచాడు. పక్కనున్న టీ అందుకుని తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"ఎల్తన్నాను బావా," అన్నాడు. గుసగుస కాదు. మామూలు గొంతు. పూర్వం మాట్లాడేంత సరిగ్గా.

లేచాడు. నేను పడతానని రెండు చేతులతో చెక్క గట్టిగా పట్టుకున్నాను. ఇటు వైపు ఒక్కణ్ణే ఉన్నాను, నా కొస నేలకి తగలాలి. బెత్తెడు కిందికి దిగి, సమంగా, ఆగింది.

ఆయన రోడ్డు దాటుతున్నాడు. వంతెన మలుపులోంచి వెనకనించి లారీ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. త్రినాథరావు వెనక్కి తిరిగి చూసి, పక్కకి తప్పుకున్నాడు. అక్కడ నిలబడి కుడిచెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు.

నేను లేవలేదు. లేస్తే అవతలి కొస దిగుతుంది. దిగితే కూర్చున్నవాడు లేవాల్సి వస్తుంది. లేస్తన్నాను అని చెప్పాలంటే, పక్కకి తిరిగి చెప్పాలి. నేను ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చున్నాను. నాలుగైంది. ఐదైంది. టీ చల్లారి పైన మీగడ కట్టింది.

వచ్చేపోయేవాళ్ళు నిలబడే టీ తాగారు. ఆ బెంచీ మీద చోటుందని ఎవరికీ తోచలేదు.

పొద్దుగూకేవేళకి చిలకమ్మ తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. వెనక్కి తిరిగి ఎవరితోనో పాల సంగతి మాట్లాడుతూనే, నా పక్కనుంచి మొదలుపెట్టి బెంచీ తుడుచుకుంటూ అవతలి కొసకి వెళ్ళింది. అక్కడ చెయ్యి ఆగింది. గుడ్డని ఇటు తిప్పి, అటు తిప్పి, ఆ కొసన మూరెడు మేర వదిలేసి చుట్టూ తుడిచింది. ఖాళీ గ్లాసు తీసుకుని, ఆ మాటల్లోనే వెళ్ళిపోయింది.